సన్న మెడకు కత్తి, లావు మెడకు గైడ్‌వైర్: ఒకే వారంలో రెండు ట్రాకియాస్టమీలు

మెడ ముందు నుంచి శ్వాసనాళంలోకి రంధ్రం చేసి ఊపిరి పైపు పెట్టడం ట్రాకియాస్టమీ. మెడ సన్నగా, పొడుగ్గా ఉంటే పర్క్యుటేనియస్, అంటే సూది, వైరు మీదుగా చేసేది. లావుగా, పొట్టిగా ఉంటే ఓపెన్ సర్జరీ, అంటే కత్తితో కోసి చేసేది. పీజీలో అందరం నేర్చుకునే లెక్క ఇది, చాలాసార్లు పనికొస్తుంది కూడా. గుంటూరులో నేను పనిచేసే ఐసీయూలో కిందటి చలికాలం ఒకే వారంలో ఇద్దరికి ట్రాకియాస్టమీ చేయాల్సి వచ్చింది. ఇద్దరి విషయంలోనూ ఆ లెక్కకి తలకిందులుగా వెళ్లాం. ఎందుకలా వెళ్లామో, తర్వాత ఏం జరిగిందో రాస్తున్నాను. రోగుల్ని ఎవరూ గుర్తుపట్టకుండా వయసు, ఊరు లాంటి వివరాలు కొన్ని మార్చాను. రెండు కుటుంబాలూ దీనికి ఒప్పుకున్నాయి.

మొదటి రోగి

పల్నాడు వైపు కౌలు రైతు, నలభై ఏళ్లలోపు మనిషి. మిర్చి, పత్తి వేస్తాడు. పురుగుల మందు తాగాడని రాత్రి పది దాటాక తెచ్చారు. డబ్బా కూడా వెంట తేవడం మంచిదైంది, ఆర్గనోఫాస్ఫరస్ అని వెంటనే తేలింది. దారిలో ఉన్న ఆసుపత్రిలోనే విరుగుడు మందు అట్రోపిన్ మొదలుపెట్టి పంపారు. మా దగ్గరికి వచ్చేసరికి కంటిపాపలు సూదిమొనంత, నోట్లో నురగ, ఊపిరితిత్తుల నిండా తడి శబ్దం, పిలిస్తే మూలుగు. ఇంట్యుబేట్ చేశాం, అంటే నోటి గుండా శ్వాసనాళంలోకి ట్యూబ్ వేశాం. అట్రోపిన్ ఇన్ఫ్యూజన్, పామ్ అనే ఇంకో విరుగుడు, పోలీసులకి ఎంఎల్‌సీ (మెడికో లీగల్ కేసు) సమాచారం, అన్నీ మామూలుగా జరిగేవే.

రెండో రోజు సాయంత్రానికి కళ్లు తెరిచాడు, పేరు పిలిస్తే తలాడించాడు. భార్య ముఖంలో రక్తం వచ్చింది. ఇలాంటి కేసులు ఎక్కువగా చూసే ఐసీయూల్లో ఆ రెండో రోజు సాయంత్రాన్ని ఎవరూ నమ్మరు. మూడో రోజు తెల్లవారుజామున సిస్టర్ వచ్చి, "సార్, తల ఎత్తమంటే కళ్లు కదులుతున్నాయి గానీ మెడ రావట్లేదు" అంది. ఇంటర్మీడియట్ సిండ్రోమ్. విషం తీవ్ర లక్షణాలు తగ్గాక, సాధారణంగా 24 నుంచి 96 గంటల మధ్యలో, మెడ ముందు కండరాలు, భుజాలు, తొడలు, శ్వాస కండరాలు చచ్చుబడే దశ ఇది. 1987లో శ్రీలంక వైద్యులు సేనానాయకే, కరల్లియెద్దే దీన్ని వర్ణించి పేరు పెట్టారు. దీనికి అట్రోపిన్ పనిచేయదు. ఊపిరి ఆడిస్తూ కూర్చోవడమే చికిత్స. చాలామంది ఒకటి నుంచి మూడు వారాల్లో కోలుకుంటారు.

అందుకే మొదటి ప్రశ్న ఏ పద్ధతి అన్నది కాదు, అసలు చేయాలా అన్నది. వెంటిలేటర్ మీద వారం దాటితే ట్రాక్ వేసేద్దాం అనే అలవాటు మన దగ్గర బాగా ఉంది. 2013లో వచ్చిన బ్రిటన్ ట్రాక్‌మాన్ ట్రయల్ చదివినవాళ్లు కొంచెం ఆగుతారు. 909 మంది రోగులు. ఒక గుంపుకి మొదటి నాలుగు రోజుల్లోనే, రెండో గుంపుకి పది రోజులు ఆగాక, అదీ ఇంకా అవసరమైతేనే. 30 రోజుల మరణాల్లో తేడా లేదు: 30.8 శాతం, 31.5 శాతం. నాకు దానికంటే ముఖ్యమనిపించే అంకె ఇంకొకటి ఉంది. ఆగిన గుంపులో చివరికి ట్రాకియాస్టమీ జరిగింది 45 శాతం మందికే. మిగతావాళ్లలో కొందరు ట్యూబ్ తీయించుకుని బయటపడ్డారు, కొందరు చనిపోయారు. ఎవరికి దీర్ఘకాలం వెంటిలేటర్ కావాలో నాలుగో రోజున చెప్పగలమని మనం అనుకుంటాం గానీ, చెప్పలేమని ఆ ట్రయల్ చూపించింది. తనంతట తానే తగ్గే జబ్బున్న మనిషికి తొందరపడి గొంతు తెరవడానికి నాకు చెయ్యి రాలేదు.

ఆగాం. తొమ్మిదో రోజుకి మెడ కండరాలు ఇంకా సున్నా. సొంతంగా తీసుకునే శ్వాస 200 మి.లీ. కూడా లేదు. కుడి ఊపిరితిత్తి కింద భాగంలో నెమ్ము మొదలైంది. నోట్లో ట్యూబ్ ఓర్చుకోలేక గింజుకుంటుంటే మత్తు పెంచాల్సి వస్తోంది, మత్తు పెంచితే దగ్గు పోతోంది, దగ్గు పోతే నెమ్ము పెరుగుతోంది. పదో రోజు ట్రాకియాస్టమీ చేద్దామని నిర్ణయించాం.

ఆ మెడ పర్క్యుటేనియస్‌కి దొరికిన వరం. ఎండలో పనిచేసే మనిషి, ఒంట్లో కొవ్వు లేదు. క్రికాయిడ్ (స్వరపేటిక అడుగున ఉండే గట్టి రింగు), దాని కింద శ్వాసనాళం రింగులు వేలికి ఒక్కొక్కటిగా తెలుస్తున్నాయి. ప్లేట్‌లెట్లు లక్షా ఎనభై వేలు, రక్తం గడ్డకట్టే తీరు చెప్పే ఐఎన్ఆర్ 1.2, ఆక్సిజన్ 40 శాతం, ఊపిరితిత్తుల్ని తెరిచి ఉంచే వెంటిలేటర్ పీడనం, పీప్, 6. కిట్ తెప్పించమని చెప్పి కుటుంబంతో మాట్లాడటానికి వెళ్లాను.

భార్య, ఆమె అన్న కూర్చున్నారు. గొంతుకి పైపు వేస్తామంటే ఈమధ్య జనం మునుపటిలా హడలిపోవట్లేదు, కోవిడ్ పుణ్యమా అని చాలామందికి తెలిసిన మాటే అయింది. ఆమె అడిగింది వేరు. "డాక్టరుగారూ, పైపు వేశాక ఇక్కడే ఉండాలంటారా? రెండు రోజులాగి మా ఊరి దగ్గర ఆసుపత్రికి తీసుకుపోతామండీ. అక్కడ మిషన్ ఉందంట. పిల్లలు మా అత్త దగ్గరున్నారు, ఆమెకి కళ్లు ఆనవు." ఆమె అన్న నేల చూస్తూ, "అప్పుడైతే కాస్త తట్టుకోగలం సార్" అన్నాడు.

ప్రభుత్వ పెద్దాసుపత్రి జీజీహెచ్‌కి మార్చమని చెప్పి చూశాను. గుంటూరులోనే, ఈఎన్‌టీ విభాగం ఉంది, రాత్రిపూట పీజీలుంటారు. కానీ వాళ్లకి కావాల్సింది ఊరికి దగ్గర. తప్పు పట్టడానికేం లేదు. ఆ నర్సింగ్ హోమ్‌కి ఫోన్ చేశాను. వెంటిలేటర్ ఒకటుంది, పనిచేస్తోంది. ఈఎన్‌టీ సర్జన్ లేరు. శ్వాసనాళం లోపల చూసే బ్రాంకోస్కోప్, స్వరపేటికని తెర మీద చూపే వీడియో లారింగోస్కోప్ లేవు. రాత్రి డ్యూటీలో ఉండే కుర్ర డాక్టర్‌తో మాట్లాడితే నిజాయితీగా చెప్పాడు: "ట్రాక్ ట్యూబ్ మార్చడం చూశాను సార్, చేయలేదు."

నా నిర్ణయం మారింది అక్కడే.

పర్క్యుటేనియస్‌లో శ్వాసనాళంలోకి సూది గుచ్చి, వైరు పంపి, దానిమీదుగా కణజాలాన్ని కోయకుండా సాగదీసి దారి చేస్తాం. సాగదీసిన కణజాలం ట్యూబ్ చుట్టూ బిగుతుగా పట్టుకుంటుంది. రక్తం తక్కువ, చీము తక్కువ, మచ్చ చిన్నది, ఈ మేలంతా ఆ బిగువులోంచే వస్తుంది. కానీ దారి గట్టిపడటానికి ఏడు నుంచి పది రోజులు కావాలి. ఆలోపు ట్యూబ్ ఊడితే కణజాలం వెనక్కి ముడుచుకుపోతుంది. ఆమెకి అర్థమయ్యేలా చెప్పాల్సి వచ్చి, తడి రేగడిలో కర్ర గుచ్చి తీస్తే గుంట ఎట్లా పూడుకుపోతుందో అట్లాగమ్మా అన్నాను. కంగారులో ఎవరైనా ట్యూబ్‌ని మళ్లీ అదే చోట తోస్తే అది శ్వాసనాళం ముందున్న మెత్తటి కణజాలంలోకి పోతుంది. అంబు సంచి నొక్కితే ఛాతీలోకి పోవాల్సిన గాలి మెడ చర్మం కిందకి పోతుంది. అప్పుడు చేయాల్సింది గొంతు రంధ్రం మూసి, నోటి ద్వారా ఇంట్యుబేట్ చేయడం. చేయి తిరిగిన మనిషి పక్కనుంటే అది రెండు నిమిషాల పని. ఆ నర్సింగ్ హోమ్‌లో రాత్రి రెండు గంటలకి పక్కనెవరుంటారు?

ఓపెన్ పద్ధతిలో శ్వాసనాళం గోడకి రెండు పక్కలా స్టే సూచర్లు (పట్టి లాగడానికి వదిలే కుట్లు) వేసి, ఆ దారాలు ఛాతీ మీద అంటించి ఉంచొచ్చు. ట్యూబ్ ఊడితే దారాలు పట్టి ముందుకి లాగితే రంధ్రం చర్మం దాకా వచ్చి నోరు తెరుచుకుంటుంది. మా ఈఎన్‌టీ సర్జన్‌కి దీనిమీద పెద్ద నమ్మకం లేదు. "దారం తెగొచ్చు, లాగాల్సినవాడు లాగకపోవచ్చు, మొదటి మూడు రోజులు ఓపెన్ దారి మాత్రం గట్టిగా ఉంటుందా?" అన్నారు. ఆయన మాటలో నిజముంది. శ్వాసనాళం ముందు గోడని చిన్న తలుపులా కోసి చర్మానికి కుట్టే బ్యోర్క్ ఫ్లాప్ ఇంకా భరోసా ఇస్తుంది, 1960 నుంచీ వాడుకలో ఉన్నదే. కానీ నెలలోపు ట్యూబ్ తీసేస్తామనుకునే మనిషికి రింగు అంత కోయడం ఆయనకి ఇష్టం లేదు, నాకూ లేదు. స్టే సూచర్లతో ఓపెన్ అని ఖాయం చేసుకున్నాం.

మంచం పక్కనే చేశాం. థియేటర్‌కి తీసుకెళ్లాల్సిన పని కనపడలేదు. ఆర్గనోఫాస్ఫరస్ రోగికి మత్తు ఇచ్చేవాళ్లు మరచిపోకూడనిది కండరాల్ని వదులు చేసే సక్సమిథోనియం సంగతి. దాన్ని విరగ్గొట్టే ఎంజైమ్‌నే ఈ విషం కట్టేస్తుంది కాబట్టి నిమిషాల్లో దిగాల్సిన మందు గంటలు నిలబడిపోతుంది. దాని బదులు అట్రాక్యూరియం కొద్ది మోతాదులో వాడాం. కండరాలు ముందే చచ్చుబడి ఉన్నాయి, ఎక్కువ అవసరం కాలేదు.

భుజాల కింద దిండు పెట్టి మెడ వెనక్కి వాల్చాం. క్రికాయిడ్‌కీ ఛాతీ ఎముక పై గుంటకీ మధ్య 3 సెం.మీ. అడ్డకోత. నడిమధ్యలో కండరాలు విడదీసి, థైరాయిడ్ ఇస్త్‌మస్‌ని (గ్రంథి నడిమి భాగాన్ని) పైకి నెట్టి, రెండు, మూడు రింగుల మధ్య తెరిచారు. శ్వాసనాళం తెరిచే ముందు, కరెంటుతో కాల్చి రక్తం ఆపే డయాథెర్మీని పక్కన పెట్టించి, ఆక్సిజన్ తగ్గించాను. ఆక్సిజన్ నిండిన నాళం మీద నిప్పురవ్వ పడితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. రెండు పక్కలా ప్రోలీన్ దారాలు వేసి, కుడి, ఎడమ అని రాసి ఛాతీకి అంటించారు. ట్యూబ్ విషయంలో ఒక్క మాటే అడిగాను: లోపలి గొట్టం విడిగా తీయడానికి వీలున్న ట్యూబ్ కావాలని. అట్రోపిన్ మీదున్న రోగి తెమడ జిగురుగా, గట్టిగా తయారవుతుంది. నర్సింగ్ హోమ్‌లో తేమ ఇచ్చే హ్యుమిడిఫైయర్ ఉంటుందో లేదో తెలియదు.

రెండో రోగి

గుంటూరు టౌన్‌లోనే ఇల్లు. అరవై దాటిన రిటైర్డ్ టీచరమ్మ, బీఎంఐ 41, షుగర్. ఐదు వారాల కిందట గుండెపోటు వచ్చి విజయవాడలో స్టెంట్ వేయించుకున్నారు. తర్వాత వైరల్ న్యుమోనియా, దాన్నుంచి ఏఆర్‌డీఎస్ (ఊపిరితిత్తులు వాచి రక్తానికి ఆక్సిజన్ అందని స్థితి). కొన్ని రోజులు బోర్లా పడుకోబెట్టి వెంటిలేట్ చేశాం. పదకొండో రోజు ట్యూబ్ తీశాం. సాయంత్రానికి కార్బన్‌డయాక్సైడ్ పెరిగి మగతలోకి వెళ్లారు. తిరిగి ఇంట్యుబేట్ చేయడం కష్టమైంది, లారింగోస్కోప్‌తో చూస్తే స్వరపేటిక ఆనలేదు, దానిమీద మూతలా ఉండే ఎపిగ్లాటిస్ ఒక్కటే కనిపించింది. ఈ మాట గుర్తుంచుకోండి, కింద మళ్లీ పనికొస్తుంది.

గడ్డం తర్వాత నేరుగా ఛాతీ మొదలైనట్టుండే మెడ. ఓపెన్ సర్జరీ అని ఎవరైనా చూడగానే అంటారు, ఐసీయూలో అందరూ అదే అన్నారు. అడ్డొచ్చింది మందుల చీటీ. యాస్పిరిన్, టికాగ్రెలార్, రెండూ రక్తం గడ్డకట్టనివ్వని మందులు. కొత్త స్టెంట్ కాబట్టి ఒక్క డోసు కూడా ఆపొద్దన్నారు కార్డియాలజిస్ట్. ఆపితే స్టెంట్ మూసుకుపోయే ప్రమాదం, ఆపకుండా అంత లోతు కొవ్వులో కత్తి పెడితే పొర పొరకీ రక్తం ఊరుతూనే ఉంటుంది. పైగా ఆ లోతులో డయాథెర్మీ లేకుండా పని జరగదు, దానికి వెలుతురూ బల్లా అన్నీ థియేటర్‌లోనే ఉండాలి. పీప్ 10 మీదున్న ఊపిరితిత్తుల్ని ట్రాన్స్‌పోర్ట్ వెంటిలేటర్ మీద లిఫ్ట్‌లో తిప్పితే, కష్టపడి తెరిచిన గాలితిత్తులు మళ్లీ ముడుచుకుంటాయి.

పర్క్యుటేనియస్‌లో కణజాలం ట్యూబ్‌ని బిగించి పట్టుకుంటుందని పైన చెప్పాను. రైతు విషయంలో నన్ను భయపెట్టిన ఆ బిగువే ఈమె విషయంలో కావాల్సి వచ్చింది. చిన్న రక్తనాళాల మీద అది లోపలినుంచి నొక్కిపెడుతుంది.

నిర్ణయానికి ముందు అల్ట్రాసౌండ్ పెట్టి మెడ మీద తీరిగ్గా చూశాం. లావు మెడలో వేలు చెప్పలేనిది ప్రోబ్ చెబుతుంది. చర్మం నుంచి శ్వాసనాళం ముందు గోడకి 23 మి.మీ. రెండు, మూడు రింగుల మధ్య నడిమధ్యలో రక్తనాళం ఏదీ లేదు, మెడ ముందు వైపు ఉండే జుగులర్ సిర ఎడమ పక్కకి తప్పుకుని ఉంది. కింద ఛాతీ గుంట దగ్గర కొట్టుకునే ధమని ఏదీ పైకి ఎక్కి లేదు. ఇవి బాగాలేకపోతే పర్క్యుటేనియస్ మాటే ఎత్తేవాణ్ని కాదు. 23 మి.మీ. అంటే మామూలు ట్యూబ్ చాలదని కూడా అప్పుడే తెలిసింది. పొట్టి ట్యూబ్ అంత మందం దాటి వెళ్లాక లోపల మిగిలేది కొంచెమే, పక్కకి తిప్పినప్పుడు కొవ్వు జారితే మొన బయటికొచ్చేస్తుంది. శ్వాసమార్గం ప్రమాదాల మీద బ్రిటన్‌లో 2011లో వెలువడిన నాప్4 నివేదిక ఐసీయూల గురించి గట్టిగా చెప్పిన సంగతుల్లో ఇదొకటి: స్థూలకాయుల్లో జారిపోయిన ట్రాక్ ట్యూబులు, ఆ సమయానికి కాప్నోగ్రఫీ (వదిలే గాలిలో కార్బన్‌డయాక్సైడ్ చూపే యంత్రం) వాడకపోవడం. పొడవు సర్దుకునే ఫ్లాంజ్ (మెడ మీద ఆనే పట్టీ) ఉన్న ట్యూబ్ తెప్పించాం.

హైదరాబాద్ నుంచి వచ్చిన కొడుకు ఇంటర్నెట్‌లో చదువుకునే వచ్చాడు. "చిన్న రంధ్రం పద్ధతే కదా సార్, రిస్క్ లేదు కదా?" రిస్క్ ఉందని, వాళ్లమ్మగారి మెడలో మామూలుకంటే ఎక్కువ ఉందని, మిగతా దారుల్లో ఇంకా ఎక్కువుందని చెప్పాను. ఈఎన్‌టీ సర్జన్ గ్లౌవ్స్ వేసుకుని, ఓపెన్ సెట్ విప్పుకుని పక్కనే నిలబడతారని కూడా చెప్పాను. అది మర్యాద కోసం చెప్పిన మాట కాదు. ఆయన రాలేనంటే ఆ రోజు చేసేవాళ్లం కాదు.

గడ్డం కింది కొవ్వుని ప్లాస్టర్‌తో పైకి లాగి కట్టాం. వంద శాతం ఆక్సిజన్. నోటి ట్యూబ్‌ని పైకి జరపడం ఏ పర్క్యుటేనియస్‌లోనైనా గుండె జారే ఘట్టం, ఈమెకి తిరిగి ఇంట్యుబేట్ చేయడం ఎంత కష్టమో ముందే తెలుసు. అందుకని వీడియో లారింగోస్కోప్ నోట్లో ఉంచి, తెర మీద చూస్తూనే, కఫ్ (ట్యూబ్ చివరి గాలి బుడగ) స్వరతంత్రుల కిందే ఉండేలా జరిపి అక్కడే ఒకరు చేత్తో పట్టుకున్నారు. పక్కన బూజీ (ట్యూబ్‌కి దారి చూపే సన్న కడ్డీ) సిద్ధం. బ్రాంకోస్కోప్ లోపలుండగా సూది గుచ్చాం, తెర మీద సరిగ్గా పన్నెండు గంటల స్థానంలో మొన కనిపించింది. వైరు కిందకి, కరైనా (నాళం రెండుగా చీలే చోటు) వైపు దిగింది.

అప్పటికి ఆక్సిజన్ 87కి పడింది. 7.5 ట్యూబ్‌లో బ్రాంకోస్కోప్ దూర్చితే గాలికి మిగిలే సందు ఎంతని? స్కోప్ తీసేసి, వైరు అలాగే పట్టుకుని ఆగాం. 95కి వచ్చాక మళ్లీ మొదలుపెట్టాం. ఇలా ఆగడం నేర్పడం కష్టం. వైరు లోపలుంది, ఇంకో నిమిషంలో అయిపోతుంది కదా అనిపిస్తుంది. దారి సాగదీసే చిన్న డైలేటర్ వేసి, సెలైన్‌లో తడిపిన ఒంటి డైలేటర్‌ని, కొన సన్నగా, పోనుపోను లావయ్యే రకం, గీత దాకా నెట్టి తీసి, ట్యూబ్ ఎక్కించాం. కాప్నోగ్రఫీ తెర మీద అలలు వచ్చాకే నోటి ట్యూబ్ వదిలాం. కొత్త ట్యూబ్ గుండా స్కోప్ పంపి కరైనా చూసి, ఫ్లాంజ్ బిగించాం. కోసినచోట రక్తం ఒక గాజ్ గుడ్డ తడిసేంత.

అంకెలు ఏమంటాయి

ఓపెన్ పద్ధతికి ఒక క్రమం తెచ్చింది 1909లో షెవాలియర్ జాక్సన్. పర్క్యుటేనియస్‌ని ఐసీయూల్లోకి తెచ్చింది 1985లో సియాలియా, ఒకదాని తర్వాత ఒకటి లావైన డైలేటర్లతో. 1990లో గ్రిగ్స్ వైరు మీదుగా నడిచే ఫోర్సెప్స్ తెచ్చారు. తర్వాత ఒంటి డైలేటర్, మెలి స్క్రూ, బెలూన్. ఇప్పుడు చాలా ఐసీయూల్లో నడిచేది ఒంటి డైలేటరే, మాదీ అదే. వీటన్నిటికీ తల్లి 1953లో సెల్డింగర్ చూపిన, సూది గుండా వైరు పంపే పద్ధతి.

2006లో డెలానీ బృందం 17 ట్రయల్స్, 1,212 మంది రోగుల్ని కలిపి చూసింది. పర్క్యుటేనియస్‌లో గాయం చీము పట్టడం బాగా తక్కువ. రక్తస్రావం మొత్తం మీద సమానం, కానీ థియేటర్‌కి తీసుకెళ్లి చేసిన ఓపెన్‌తో మాత్రమే పోలిస్తే పర్క్యుటేనియస్‌లో రక్తస్రావం, మరణాలు రెండూ తక్కువ కనిపించాయి. దీన్నిబట్టి నాకు అర్థమైంది, తేడాలో కొంత కత్తిది కాదు, ప్రయాణానిది. ఓపెన్‌ని మంచం పక్కన చేస్తే ఆ తేడా చాలావరకు కరుగుతుంది. 2016 కొక్రేన్ సమీక్ష 20 ట్రయల్స్ చూసి, చీము, మచ్చ విషయంలో పర్క్యుటేనియస్ మెరుగు అంది, ప్రాణాల విషయంలో తేడా చూపలేకపోయింది. అదే ఏడు బ్రెజిల్‌లో ట్రాకస్ ట్రయల్ 118 మందిలో అల్ట్రాసౌండ్ సాయంతో చేసినా, బ్రాంకోస్కోప్ సాయంతో చేసినా ఒకటేనని తేల్చింది. స్కోప్ లేని జిల్లా ఐసీయూలకి అది పెద్ద కబురే. అయినా లావు మెడకి నేను రెండూ పెట్టుకుంటాను.

ఈ ట్రయల్స్ దాదాపు అన్నింటిలో రోగి తర్వాత రోజులు ఐసీయూలోనే, ట్రాక్ తెలిసిన సిస్టర్ల చేతుల్లోనే గడుపుతాడు. మూడో రోజు అంబులెన్స్ ఎక్కి గుంటల రోడ్డు మీద గంటన్నర పోయే రోగి వాటిలో ఉండడు. అందుకని ఆ అంకెల్ని తీసుకొచ్చి మన రైతుకి అతికించేటప్పుడు అవి దేన్ని కొలిచాయో, దేన్ని కొలవలేదో చూసుకోవాలి. చీము తగ్గడం గొప్ప లాభమే. ట్యూబ్ ఊడినప్పుడు తిరిగి పెట్టగలగడం అంతకంటే పెద్ద లాభమయ్యే చోట్లు మన చుట్టూ చాలా ఉన్నాయి.

ఖర్చు మాట కూడా ఉంది. పర్క్యుటేనియస్ కిట్ ధర మామూలు ట్యూబ్ ధరకి ఎన్నో రెట్లు. విదేశీ లెక్కల్లో థియేటర్ ఖర్చు కలుపుకుంటే పర్క్యుటేనియస్ చవక. మంచం పక్కనే ఓపెన్ చేసే మన దగ్గర ఆ లెక్క తిరగబడుతుంది.

తర్వాత

రైతుని మూడో రోజు పొద్దున తీసుకెళ్లారు. వెంట ఒక అట్ట పంపాం, తెలుగులో పెద్దక్షరాలతో: ఏ రోజు చేశాం, ట్యూబ్ సైజు, ఊడితే రెండు దారాలూ కలిపి మెల్లగా ముందుకి లాగి ట్యూబ్ పెట్టాలి, పోకపోతే రంధ్రం మూసి నోటి నుంచి మాస్క్, ఇంట్యుబేషన్. బ్రిటన్‌లో ట్రాకియాస్టమీ భద్రత ప్రాజెక్టు వాళ్లు మంచం తల దగ్గర పెట్టే ఆకుపచ్చ అట్టలు చూసినవాళ్లకి ఇది కొత్త కాదు. అదే సైజు ట్యూబ్ ఒకటి, ఒక సైజు చిన్నది ఒకటి, ప్లాస్టర్‌తో ఆ అట్టకే అంటించాం. ఆ కుర్ర డాక్టర్‌తో వీడియో కాల్‌లో దారాలు ఎక్కడున్నాయో చూపించి, కఫ్ పీడనం 20 నుంచి 30 సెం.మీ. నీటి మట్టంలో ఉంచమని చెప్పాను.

ఇంతా చేస్తే ట్యూబ్ ఊడలేదు. అక్కడికి వెళ్లిన రెండో రాత్రి వెంటిలేటర్ ప్రెషర్ అలారం మోగింది, సక్షన్ గొట్టం సగం దిగి ఆగిపోయింది. అక్కడి సిస్టర్ లోపలి గొట్టం తిప్పి లాగేసింది. దాని నిండా పచ్చగా, గట్టిగా తెమడ గడ్డ. కడిగిన గొట్టం పెట్టగానే అలారం ఆగింది. మేం గంటసేపు వాదించుకున్న స్టే సూచర్ల అవసరమే రాలేదు. పెద్దగా చర్చ లేకుండా అడిగిన లోపలి గొట్టం ఆ రాత్రి పని చేసింది. ఏడో రోజు మొదటి ట్యూబ్ మార్పుకి మా దగ్గరికి వచ్చినప్పుడు దారాలు తీసేశాం.

మూడో వారంలో మెడ లేచింది. ట్యూబ్ తీశాక రంధ్రం మూయడానికి రెండు వారాలు పట్టింది, అంచున చిన్న కండ పెరిగితే సిల్వర్ నైట్రేట్‌తో కాల్చారు. పర్క్యుటేనియస్ అయితే మూడు నాలుగు రోజుల్లో మూసుకునేది, మచ్చ కూడా ఇందులో సగం ఉండేది. అతను మచ్చ గురించి ఒక్కసారే అడిగాడు, కాలర్ చొక్కా వేస్తే కనపడదు కదా అని. మానసిక వైద్యుడి దగ్గరికి రెండుసార్లు పంపించాం, ప్రభుత్వ మానసిక సాయం టెలిమానస్ 14416 నంబరు అతని ఫోన్‌లోనూ, భార్య ఫోన్‌లోనూ పెట్టించాం. ఇలాంటి రోగికి గొంతు మానడంతో పని పూర్తికాదు.

టీచరమ్మగారికి రెండో రోజు ట్యూబ్ చుట్టూ రక్తం ఊరింది, టికాగ్రెలార్ మీద అది ఊహించిందే. పలచన అడ్రినలిన్‌లో తడిపిన గాజ్ గుడ్డ చుట్టి నొక్కాం, చాలకపోతే రక్తం గడ్డకట్టించే సెల్యులోజ్ గుడ్డ చుట్టూ కుక్కాం. హిమోగ్లోబిన్ 10.4 నుంచి 9.8కి వచ్చింది, రక్తం ఎక్కించలేదు, మందు ఆపలేదు. మంచం తల దగ్గర రాసిపెట్టాం: ఏడు రోజుల్లోపు ట్యూబ్ మార్చరాదు, ఊడితే నోటి ద్వారానే, వీడియో లారింగోస్కోప్‌తోనే.

వెంటిలేటర్ నుంచి బయటపడ్డాక ట్యూబ్ ఎప్పుడు తీయాలన్నదానికి పాత పద్ధతి, ట్యూబ్‌కి మూత పెట్టి 24 గంటలు చూడటం. 2020లో హెర్నాండెజ్ బృందం స్పెయిన్‌లో 330 మంది మీద ఇంకో దారి చూపించింది: మూత పరీక్ష మాని, హై ఫ్లో ఆక్సిజన్ ఇస్తూ, సక్షన్ ఎన్నిసార్లు అవసరమవుతోందో లెక్కపెట్టడం. ట్యూబ్ తీసే సమయం 13 రోజుల నుంచి 6కి తగ్గింది. ఈమెకి అదే పాటించాం. లావు మనిషికి మూత పెడితే పక్కనే మిగిలిన సన్న సందులోంచి ఊపిరి లాగడం ఎంత నరకమో చూసినవాళ్లకి ఇది వెంటనే నచ్చుతుంది. రంధ్రం నాలుగు రోజుల్లో మూసుకుంది.

ఈ రెండు కేసుల మీద మా ఈఎన్‌టీ సర్జన్‌కీ నాకూ ఇంకా ఒప్పందం కుదరలేదు. రైతుకి పర్క్యుటేనియస్ చేసి, ట్యూబ్‌ని చర్మానికి నాలుగు కుట్లు వేసి, ఇంకో నాలుగు రోజులు ఆపుకుని పంపితే సరిపోయేదంటారాయన. ఆ నాలుగు రోజుల బిల్లు ఎవరు కడతారన్నదానికి ఆయన దగ్గర జవాబు లేదు, నా దగ్గరా లేదు. టీచరమ్మ విషయంలో మాత్రం, అంత లోతు మెడలో మళ్లీ అలాంటిది వస్తే పర్క్యుటేనియస్‌కి ఆయనే ముందుగా ఒప్పుకుంటానన్నారు, తను గ్లౌవ్స్‌తో నిలబడాలన్న షరతు మీద. మా ఫారంలో ప్లేట్‌లెట్లు, ఐఎన్ఆర్, పీప్ కింద ఇప్పుడు కొత్త గడి ఒకటి చేరింది: వచ్చే పది రోజులు రోగి ఎక్కడుంటారు, అక్కడ రాత్రి ఎవరుంటారు. దాన్ని నింపేది డ్యూటీ డాక్టర్, కుటుంబంతో మాట్లాడాకే.

టీచరమ్మగారు మూడు నెలలకి చెకప్‌కి వచ్చారు. మెట్లెక్కితే గొంతులో సన్నగా చప్పుడొస్తోందన్నారు. స్కోప్‌తో చూస్తే రంధ్రం పెట్టిన చోటికి కాస్త పైన చిన్న కండ, నాళం ఇరుకు లేదు. ఆరు నెలలప్పుడు మళ్లీ చూస్తాం, చప్పుడు పెరిగితే ముందే రమ్మన్నాం.